దయ్యముల మేడలు – సాక్ష్య విచారణము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



విద్యకు నిలయమైన గ్రంథాలయముయొక్క రజతోత్సవమున దయ్యముల ప్రసంగమేల యని కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. కాని దయ్యమునకును గ్రంథమునకును దగ్గర సంబంధము కలదు. దయ్యపు కథ నోటినుండి నోటికి ప్రాకుచు పెరుగును. దాని నడ్డగించి, "చూచినవారెవరు? చూచినది ఎప్పుడు? వ్రాసినది ఎప్పుడు?" అని ప్రశ్నించుటకు లిఖితమైన పత్రము కావలయును. ఆ పత్రమును తరతరముల వరకు భద్రపరచునది గ్రంథాలయము. ఈ సంబంధము ఎంత గట్టిదో ఇంగ్లాండు దేశమందలి రెండు గృహముల చరిత్రవలన తెలియగలదు. దయ్యములు కలవా, లేవా యను వాదము నేటి విషయము కాదు. కలవని చెప్పినవారి మాటను ఏ తూనికరాళ్లతో తూచవలయునన్నదే విషయము.

ఇంగ్లాండు పల్లెలలోని ప్రాచీనములగు ప్రభువుల మేడలకు గోడలపై పూర్వీకుల చిత్రపటములెట్లో, ఒక దయ్యపు కథయు అట్లే అలంకారము. అట్టి మేడలలో ప్రసిద్ధమైనది నార్‌ఫోక్ మండలమందలి రేన్‌హామ్ హాల్. దాని నిర్మాణము 1619లో ఆరంభమయ్యెను. అది టౌన్‌షెండ్ వంశమువారి నివాసము. ఈ వంశమున 18వ శతాబ్దిలో చార్లెస్ టౌన్‌షెండ్ అను ప్రభువు కలడు. ఆయన మంత్రిపదవి నిర్వహించి, పిమ్మట వ్యవసాయమున దృష్టి నిలిపి, పంటల మార్పిడిలో టర్నిప్ దుంపను ప్రచారము చేసి "టర్నిప్ టౌన్‌షెండ్" అని పేరొందెను. ఆయన రెండవ భార్య పేరు డొరొతీ. ఇంగ్లాండునకు మొదటి ప్రధానమంత్రిగ పరిగణింపబడు రాబర్ట్ వాల్‌పోల్ ఆమె సోదరుడు. ఆమె 1726లో మశూచికముచే మరణించెను.

చరిత్ర చెప్పునది ఇంతమాత్రమే. కథ అంతటితో ఆగలేదు. భర్త ఆమె శీలమును శంకించి గదిలో బంధించెననియు, ఆమె ఆత్మ గోధుమవన్నె పట్టువస్త్రము ధరించి మేడలో సంచరించుచున్నదనియు ప్రవాదము పుట్టెను. "గోధుమవన్నె దొరసాని" యని ఆ రూపమునకు పేరిడిరి. 1835వ సంవత్సరపు క్రిస్మసు దినములలో ఆ మేడకు వచ్చిన అతిథులు ఆమెను చూచిరని యొక కథనము కలదు. మరుసటి యేడు నౌకాదళాధికారియు నవలారచయితయునగు కెప్టెన్ మారియట్ ఆ మేడలో బసచేసి, నడవలో దీపము చేతబట్టి వచ్చుచున్న దొరసానిని తుపాకితో కాల్చెననియు, గుండు ఆమెను దాటి తలుపులో దిగబడెననియు మరియొక కథనము.

ఇచ్చట మొదటి ప్రశ్న వేయవలయును. మారియట్ కథను ప్రకటించినవారెవరు? ఆయన కుమార్తె ఫ్లారెన్స్. ఎప్పుడు? 1891లో. ఆమె పుట్టినది 1833లో. కాబట్టి తుపాకి పేలెనని చెప్పబడు నాటికి ఆమె మూడేండ్ల శిశువు. తండ్రి 1848లోనే గతించెను. ఏబదియైదేండ్లు గడచిన పిమ్మట, తాను చూడని సంగతిని, ప్రేతాత్మలయందు గాఢమైన విశ్వాసముగల రచయిత్రి యొకతె గ్రంథస్థము చేసెను. ఆమె అసత్యమాడెనని దీని భావము కాదు. ప్రేమతో జ్ఞప్తియం దుంచుకొన్న కుటుంబకథ వేరు, న్యాయస్థానమున నిలువగల సాక్ష్యము వేరు అని మాత్రమే భావము. ఈలోగా డొరొతీ సంగతి యేమి? భర్తచే శంకింపబడిన స్త్రీయని లోకము ఆమెను స్మరించుచున్నది. తన పక్షమున ఒక్క మాటయైనను చెప్పుకొనజాలని మృతురాలిపై మోపబడిన ఆ నింద కథతోపాటు నేటికిని నడచుచున్నది.

రేన్‌హామ్ కథకు లోకవ్యాప్తి కలిగించినది ఒక ఛాయాచిత్రము. 1936 సెప్టెంబరు 19వ తేదీన ఇద్దరు ఛాయాగ్రాహకులు ఆ మేడను చిత్రించుటకు వెళ్లిరి. వారు కెప్టెన్ ప్రోవాండ్, ఇంద్రే షిరా అనువారు. వారు పెద్ద మెట్లవరుసను చిత్రించుచుండగా పొగవంటి తెల్లని రూపమొకటి మెట్లు దిగుచున్నట్లు షిరాకు తోచెను. ఆయన కేకవేయగా, నల్లని గుడ్డక్రింద తల దూర్చియున్న ప్రోవాండ్ చిత్రము తీసెను. ప్రోవాండ్ కన్నులకేమియు కనబడలేదు. అయినను నెగటివు కడిగినప్పుడు అందు మేలిముసుగు ధరించిన స్త్రీవంటి ఆకృతి కానవచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ "కంట్రీ లైఫ్" పత్రికలో ఈ చిత్రము ప్రకటితమయ్యెను.

దీనిని పరీక్షించుటకు పూనుకొన్నవాడు హ్యారీ ప్రైస్. ఆయన ఛాయాగ్రాహకుల నిరువురను ప్రశ్నించి, వారి మాటలలో తొట్రుపాటు కానరాలేదనియు, నెగటివులో ఎట్టి మోసమును లేదనియు తన అభిప్రాయము తెలిపెను. జనులు దీనిని దయ్యమునకు లభించిన యోగ్యతాపత్రముగ భావించిరి. కాని "నెగటివును ఎవరును చెరుపలేదు" అనుట వేరు, "మెట్లమీద దొరసాని దిగెను" అనుట వేరు. కాచమునకు జిడ్డు అంటినను, కెమేరాలోనికి వెలుతురు చొరబడినను, ఒకే పలకపై రెండుసార్లు కాంతి పడినను నెగటివు నిర్దోషముగనే యుండును; చిత్రములో మాత్రము లేని రూపము కనబడును. తరువాతి పరీక్షకులు ఆ చిత్రమును నిదానించి చూచి, మెట్ల అంచులపై పాలిపోయిన గీతలు జంటగ నున్నవనియు, కాంతి రెండుసార్లు సోకినదనుటకు అవి గురుతులనియు చెప్పిరి.

ఈ హ్యారీ ప్రైస్ ఎవరో తెలిసికొననిదే రెండవ గృహము కథ అర్థము కాదు. ఆయన 1881లో జన్మించి 1948లో మరణించెను. విశ్వవిద్యాలయమున శాస్త్రాభ్యాసము చేసినవాడు కాడు. ఇంద్రజాల విద్యలోని కిటుకులు బాగుగ నెరిగినవాడు. ఆ నేర్పుతో పలువురు కపటుల గుట్టు బయటపెట్టెను. విలియం హోప్ అను ఛాయాగ్రాహకుడు మృతుల ఆత్మలను చిత్రింపగలనని చెప్పుకొని ధనము గడించుచుండెను. 1922లో ప్రైస్ అతనికి ముందుగ రహస్యచిహ్నము ముద్రించిన పలకలను అందించెను. ఆత్మ కనబడిన పలకపై ఆ చిహ్నము లేకపోవుటచే హోప్ పలకలు మార్చెనని తేలెను. 1931లో హెలెన్ డంకన్ అను నామె నోటినుండి వెలువడు "ఆత్మద్రవ్యము" మింగి కక్కిన పలుచని బట్టయేయని ప్రైస్ ప్రకటించెను. ఇంతటి చతురుడు తన జీవితమున అత్యధిక కీర్తిని ఆర్జించినది మాత్రము ఒక దయ్యపు కొంపవలననే.

ఆ కొంప ఎసెక్స్ మండలమున బోర్లీ అను చిన్న పల్లెలో నుండెను. అది ప్రభువుల మేడ కాదు; గ్రామపు చర్చి మతగురువు నివసించు రెక్టరీ. 1863 ప్రాంతమున బుల్ అను మతగురువు ఎఱ్ఱయిటుకలతో దానిని కట్టించెను. ఆయనకు సంతానము పదునలుగురు. కుటుంబము పెరిగినకొలది ఇల్లును పెంచుటచే అందు గదులు, నడవలు చిక్కుచిక్కుగ నేర్పడెను. విద్యుద్దీపములు లేవు, నీరు బావినుండి తోడుకొనవలయును. పూర్వమచ్చట సన్న్యాసుల మఠముండెననియు, ఒక సన్న్యాసియు ఒక సన్న్యాసినియు పారిపోవ యత్నింపగా ఆమెను సజీవముగ గోడలో నుంచి కట్టిరనియు కథ కలదు. అట్టి మఠమచ్చట నుండెననుటకు చరిత్రలో ఆధారము లేదు. అయినను 1900 జూలై 28వ తేదీ మునిమాపువేళ బుల్ కుమార్తెలు నలుగురు తోటలో సన్న్యాసినివంటి రూపమును చూచితిమని చెప్పిరి.

1928లో స్మిత్ అను మతగురువు భార్యతోకూడ ఆ యింట చేరెను. ఇంటిని గూర్చిన వదంతులు, వింత శబ్దములు వారిని కలవరపెట్టెను. పరిశోధకులెవరైన నున్న తెలుపుడని వారు "డైలీ మిర్రర్" పత్రికకు వ్రాసిరి. 1929 జూన్‌లో విలేఖరి వచ్చెను. ఆ నెల 12వ తేదీ ప్రైస్ వచ్చెను. ఆయన కాలు పెట్టినది మొదలు అంతకుముందు లేని వింతలు ఆరంభమయ్యెను. రాళ్లు పడెను, పూలపాత్ర పగిలెను, అద్దపు చట్రమునుండి తట్టుడు శబ్దములతో "సందేశములు" వచ్చెను. ఆయన వెడలిపోగానే అవి నిలిచెను. శాంతి కోరి పత్రికకు వ్రాసిన దంపతులకు అశాంతియే ప్రాప్తించెను. వార్తలు చదివిన జనులు గుంపులుగ వచ్చి ఇంటిచుట్టును మూగిరి. స్మిత్ దంపతులు జూలై నడుమనే ఆ యిల్లు విడిచిరి.

తరువాత 1930నుండి 1935వరకు ఫాయ్‌స్టర్ అను మతగురువు కుటుంబము అందు నివసించెను. ఆ కాలమున గంటలు తమంతట మ్రోగుట, సీసాలు ఎగిరిపడుట, గోడలపై వ్రాతలు కనబడుట మున్నగు వింతలు పెక్కు జరిగెనని వ్రాసియున్నారు. 1937 మే నెలలో ప్రైస్ ఆ శూన్యగృహమును ఒక సంవత్సరమునకు అద్దెకు తీసికొని, "టైమ్స్" పత్రికలో ప్రకటన వేసి, 48 మంది పరిశీలకులను నియమించెను. వారిలో అధికులు విద్యార్థులు. ఒక్కొక్కరికి నీలిరంగు అట్టగల చిన్న పుస్తకము నిచ్చెను. అందు ఎట్లు కావలికాయవలయునో, ఏమేమి వ్రాసికొనవలయునో చక్కగ చెప్పబడెను. పూర్వమా యింట కనబడెనని చెప్పు వింతల పట్టికయు అందే చేర్చబడెను! పరీక్షకు కూర్చుండిన విద్యార్థికి ప్రశ్నపత్రముతోపాటు జవాబుల పత్రము నందించిన, ఆ పరీక్ష విలువ యెంత? అయినను వారిలో పలువురకు చెప్పదగిన వింత యేదియు కనబడలేదు.

1939 ఫిబ్రవరి 27వ తేదీ రాత్రి, ఇంటిని క్రొత్తగ కొన్న యజమాని పుస్తకములు సర్దుకొనుచుండగా నూనెదీపము పడి ఆ యిల్లు తగులబడెను. అగ్నిప్రమాదపు భీమాధనమునకై ఆయన చేసిన దావా కపటమని భీమా సంస్థ నిర్ణయించెను. మొండిగోడలను 1944లో పడగొట్టిరి. అప్పుడు తీసిన ఛాయాచిత్రములో ఒక ఇటుక గాలిలో తేలుచున్నట్లుండెను. ఇది దయ్యముయొక్క కడపటి చేష్ట కావచ్చునని ప్రైస్ సూచించెను. ఆ సమయమున గోడవెనుక కూలివాడొకడు ఇటుకలు విసరుచుండెనని తరువాత తెలిసినది. ప్రైస్ ఈ గృహమును గూర్చి 1940లోను 1946లోను రెండు గ్రంథములు ప్రకటించెను. ఇంగ్లాండులోకెల్ల అధికముగ దయ్యములు తిరిగిన యిల్లు ఇదియేయని మొదటి గ్రంథము పేరే చాటెను. జనులవి ఆసక్తితో చదివిరి.

ఇక నిజమైన విచారణ యారంభమైనది ఇల్లు నేలమట్టమైన పిమ్మట, ప్రైస్ మరణించిన పిమ్మట. 1882లో లండనులో స్థాపితమైన ఆత్మవిషయ పరిశోధక సంఘమునకు చెందిన ఎరిక్ డింగ్‌వాల్, శ్రీమతి గోల్డ్‌నీ, ట్రెవర్ హాల్ అను ముగ్గురు ఏండ్ల తరబడి శ్రమించిరి. వీరు దయ్యములను పరిహసించుటకు పుట్టినవారు కారు. ఆ విషయమును శ్రద్ధతో పరిశీలించు సంఘమువారే. వారు బోర్లీలో రాత్రులు కావలికాయలేదు. కావలికాయుటకు ఇల్లే లేదు. వారు పత్రములు చదివిరి. ప్రైస్ తన వ్యవహారములకు సంబంధించిన లేఖలను, టిప్పణములను దాచియుంచెను. ఆ లేఖలను ముద్రితగ్రంథముల ప్రక్కన నుంచి పంక్తి పంక్తి పోల్చిరి. 1931లో ఆ యింటికి వెళ్లినప్పుడు జరిగిన వింతలలో ఇంటివారి హస్తమే కలదని ప్రైస్ అనుమానించెను. తొమ్మిదేండ్ల తరువాత వ్రాసిన గ్రంథములో ఆ యనుమానము పాఠకునకు తిన్నగ తెలుపబడలేదు. ఈ రీతిని, తగ్గించుటయు పెంచుటయు విడిచిపెట్టుటయు ఒక్కొక్కటే బయటపడెను.

1956లో వారి నివేదిక వెలువడెను. బోర్లీ వింతలలో కొన్ని ప్రైస్ స్వయముగ కల్పించినవై యుండవచ్చుననియు, తక్కినవానికి ఎలుకలు, గాలి, చిక్కుగ కట్టిన ఇంటి నిర్మాణమువలన శబ్దము వింతగ ప్రసరించుట, మనుష్యుల కొంటెతనము కారణములనియు, దయ్యములకు ప్రమాణమనదగిన దేదియు మిగులలేదనియు వారు తేల్చిరి.

ఇచ్చట న్యాయదృష్టితో నొక మాట చెప్పవలయును. 1929లో తన తలకు రాయి తగిలిన పిమ్మట ప్రైస్ కోటుజేబులలో రాళ్లు దొరికెనని "డైలీ మెయిల్" విలేఖరి చార్లెస్ సట్టన్ వ్రాసెను. ఈ కథనము వినుటకు ఇంపైనది. కాని అది ప్రకటితమైనది ప్రైస్ మరణానంతరము. బదులు చెప్పుకొనుటకు ఆయన లేడు. రేన్‌హామ్ దొరసాని కథను తూచిన రాయితోనే దీనిని కూడ తూచవలయును. 1969లో అదే సంఘమునకు చెందిన రాబర్ట్ హేస్టింగ్స్ అను పరిశోధకుడు ప్రైస్ పక్షమున సమాధానము వ్రాయగా సంఘము దానిని ప్రకటించెను. విచారణయనగా ఇట్లుండవలయును. దయ్యము పక్షమున చెప్పిన సాక్షికొక తూనిక, దయ్యమునకు విరుద్ధముగ చెప్పిన సాక్షికొక తూనిక ఉండరాదు.

అయినచో చూచితిమని చెప్పువారందరును అబద్ధీకులా? కారు. ఈ సంగతిని తరువాతి శాస్త్రపరీక్షలు తెలిపినవి. లండను చేరువనున్న హాంప్టన్ కోర్ట్ రాజభవనమున, 1542లో శిరచ్ఛేదమునకు గురియైన కేథరిన్ హోవర్డ్ రాణి ఆత్మ తిరుగునని ప్రతీతి. రిచర్డ్ వైజ్‌మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తన సహచరులతో అచ్చట వందలకొలది సందర్శకులను పరిశీలించి 2003లో ఫలితములు ప్రకటించెను. జనులకు వింత యనుభవములు కొన్ని స్థలములయందే అధికముగ కలిగెను. ఆ స్థలములలో వెలుతురు, గది పరిమాణము మున్నగునవి భిన్నముగ నుండెను. అనగా అనుభవము నిజమే. దానికి పెట్టిన పేరే సందేహాస్పదము.

కోవెంట్రీ పట్టణమున విక్ టాండీ అను ఇంజనీరు కథ మరింత మనోహరమైనది. ఒక రాత్రి ప్రయోగశాలలో పనిచేయుచుండగా ఆయనకు చెమటలు పట్టెను. కంటికొసలో బూడిదవన్నె రూపము కదలెను. తల త్రిప్పగానే మాయమయ్యెను. మరునాడు పట్టుకఱ్ఱలో బిగించిన కత్తిపలక తనంతట కంపించుట ఆయన చూచెను. పరుగెత్తిపోక, కారణము వెదకెను. క్రొత్తగ అమర్చిన గాలిపంకా సెకనునకు సుమారు 19 కంపనములుగల, చెవికి వినబడని ధ్వనిని పుట్టించుచుండెను. దానిని ఆపగానే కత్తియు నిలిచెను, భయమును పోయెను. 1998లో ఆయన దీనిని ప్రకటించెను. తరువాతి పరీక్షలన్నియు ఈ సిద్ధాంతమును ఒకే తీరున బలపరచలేదు. కాని ఆయన చూపిన మార్గము స్థిరమైనది: భయము కలిగినచోట పారిపోక, కొలుచుట.

సభాసదులారా! ఇంగ్లాండు మేడలలో దయ్యము కథ వినోదము. చూచుటకు వచ్చువారు రుసుము చెల్లింతురు. తెలుగు పల్లెలలో అది ఎల్లప్పుడు వినోదముగ నుండదు. పశువు చచ్చినను, శిశువు జబ్బుపడినను, "ఎవరో చేసినారు" అను మాట ఒకటి బయలుదేరును. ఆ మాట చివరకు ఒక దిక్కులేని వితంతువు గడపకడనో, ఒక వృద్ధుని గుడిసెకడనో ఆగును. బాణామతి, చేతబడి యను అనుమానముచే నిరపరాధులు కొట్టబడిన వార్తలు, చంపబడిన వార్తలు ఈ కాలపు పత్రికలలో కూడ వచ్చుచునే యున్నవి. డొరొతీకి పోయినది కీర్తి. వీరికి పోవునది ప్రాణము. ఆదిలోనే ఎవరైన ఒకరు నిలిచి, "చూచినదెవరు? నీవే చూచితివా? విని చెప్పుచున్నావా?" అని యడిగినచో ఆగదగిన మాటలు అడుగువారు లేక ఊరంతయు తిరుగును.

హ్యారీ ప్రైస్ చరిత్రలో ఒక విశేషము మిగిలియున్నది. ఇంద్రజాలము, మంత్రవిద్యలు, దయ్యములు, మోసములు – వీనిని గూర్చిన గ్రంథములను ఆయన జీవితాంతము సేకరించి లండను విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. సుమారు 13,000 గ్రంథములుగల ఆ భాండారము నేటికిని ఆయన పేరనే అచ్చట కలదు. తన పొరపాట్లకు సాక్ష్యము చెప్పగల పత్రములనుకూడ ఆయన నాశనము చేయలేదు. బోర్లీ గృహము కాలిపోయెను, ఇటుకలు చెదరిపోయెను, సాక్షులు గతించిరి. సత్యమును నిర్ణయించుటకు మిగిలినది ఆ కాగితములే. ఆయన పరిశోధనలో లోపమున్నను, ఆయన గ్రంథాలయమున లోపము లేదు.

కావున ఈ గ్రంథాలయమునకు ఎవరైన పరుగునవచ్చి, చింతలతోపులో వింత చూచితినని వణకుచు చెప్పినచో నవ్వవలదు, నమ్మవలదు. మంచినీళ్లు ఇచ్చి కూర్చుండబెట్టవలయును. ఇతరుల మాటలు అతని చెవిని పడకమునుపే, కాగితమును కలమును చేతికిచ్చి, తేదీ, వేళ, వెలుతురు, దూరము, తాను స్వయముగ చూచినది మాత్రమే వ్రాయుమని కోరవలయును. ఆ కాగితమును బీరువాలో భద్రపరచవలయును. వ్రాయుచుండగనే సగము భయము తీరును. తక్కిన సగమును విచారించుటకు రాబోవు తరములవారికి ఆధార మొకటి మిగులును. ఇరువదియైదేండ్లు దీపము వెలిగించి పుస్తకములు కాపాడిన గ్రంథాలయమునకు ఇది కొత్త పని కాదు.